హైదరాబాద్‌లో ఉంటూ సైన్స్, అడవులు, ప్రయాణాల మీద పత్రికలకు ఫ్రీలాన్స్‌గా రాయడం ఎలా?

ఫ్రీలాన్స్‌గా రాద్దామనుకునే చాలామంది మొదట అడిగేది "ఏ పత్రికకు పంపాలి?" అని. అంతకన్నా ముందు ఏం పంపాలో తేల్చుకోవాలి. "అమ్రాబాద్ అడవి గురించి రాస్తాను" అంటే ఎడిటర్‌కు ఏమీ చెప్పనట్టే. అది నల్లమలలోని ఒక చోటు పేరు మాత్రమే. "మూషిక జింకలనే బుల్లి జింకల్ని నెహ్రూ జూలో పెంచి అమ్రాబాద్‌లో వదిలారు. జూలో పుట్టిన జంతువు అడవిలో తిండి ఎలా వెతుక్కుంటుంది? చిరుతకు దొరక్కుండా ఎలా తప్పించుకుంటుంది?" అని అడిగితే కథనం అక్కడ మొదలవుతుంది. ఈ వృత్తిలో చోటు కన్నా ప్రశ్నకే విలువ ఎక్కువ.

ప్రశ్నలు వెతకండి

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్ళు అదృష్టవంతులు. అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ల్యాబ్ లాకోన్స్ అత్తాపూర్‌లో ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. హబ్సిగూడ వైపు వెళ్తే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో భూకంపాల గురించి మాట్లాడే శాస్త్రవేత్తలు ఉంటారు. సముద్రం ఎక్కడో ఉంటే సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్‌లో ఉంది. ఎందుకిక్కడ, హెచ్చరిక తీరానికి ఎలా చేరుతుంది అని అడిగితే అదే ఒక మంచి కథనం. సెప్టెంబర్ 26న సీఎస్‌ఐఆర్ (సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐల మాతృసంస్థ) స్థాపన దినం, ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజులకు అటూ ఇటూగా చాలా ల్యాబ్‌లు జనాన్ని లోపలికి రానిస్తాయి. వెళ్ళి పరిశోధక విద్యార్థులతో మాట్లాడండి. పెద్ద శాస్త్రవేత్తల కన్నా వాళ్ళకు తీరిక ఎక్కువ, చెప్పాలన్న ఉత్సాహమూ ఎక్కువే.

రాళ్ళను కూడా వదలొద్దు. ఖాజాగూడలో ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండల్ని ఎవరో తెచ్చి పేర్చినట్టు అనిపిస్తుంది. నిజానికి అవి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. పగుళ్ళ వెంట నీరు దిగి, రాయి మెత్తబడి, ఆ మెత్తటి మట్టి కొట్టుకుపోగా గట్టి భాగం అలా మిగిలింది. సైన్స్, ప్రయాణం రెండూ ఒకే కథనంలో కలిసే చోటు అది.

దగ్గర్లోనే ఫీల్డ్ అలవాటు చేసుకోండి

కజిరంగా దాకా వెళ్ళక్కర్లేదు. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. ఒకే చెరువుకు అన్ని కాలాల్లో, తెల్లవారుజామునే వెళ్ళండి. డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలతో నడిస్తే పక్షుల్ని గుర్తుపట్టడం త్వరగా వస్తుంది. చూసినవి ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయండి. పక్కన నోట్‌బుక్ కూడా ఉండాలి. టైమ్, వాతావరణం, నీటి మట్టం, అక్కడ గేదెలు కాసే ఆయన చెప్పిన మాట, అన్నీ అందులో రాసుకోండి. ఫొటో చూస్తే వాసన గుర్తుకు రాదు.

చదవండి, తర్వాతే ఫోన్ చేయండి

శాస్త్రవేత్తకు ఫోన్ చేసే ముందు వారి పరిశోధన పత్రం చదవాలి. అంతా అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఎన్ని జంతువుల్ని, ఎంతకాలం, ఎక్కడ చూశారో తెలిస్తే చాలు. "ఈ అధ్యయనం ఏం తేల్చలేకపోయింది?" అని తప్పకుండా అడగండి. నాకు తెలిసి అంతకన్నా మంచి జవాబులు రాబట్టే ప్రశ్న లేదు. ఆ పరిశోధనతో సంబంధం లేని మరొక శాస్త్రవేత్త అభిప్రాయం కూడా తీసుకోండి. రాశాక వ్యాసమంతా పంపి ఆమోదం కోరకూడదు కానీ, వారి మాటల్నీ అంకెల్నీ చదివి వినిపించి సరిచూసుకోవాలి.

అడవిలో దారి చూపే చెంచులు చెప్పేదీ జ్ఞానమే. వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో రాయండి, వాళ్ళ రోజు కూలి ఇవ్వండి.

అడవి నియమాలు

సఫారీ టికెట్ ఉంటే అడవంతా తిరగొచ్చని కాదు. అభయారణ్యంలో అధ్యయనానికీ ఫొటోలకీ అనుమతులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇస్తారు. ముందుగానే అటవీశాఖకు రాయండి, జవాబు రావడానికి సమయం పడుతుంది. ఇక గూళ్ళు ఎక్కడున్నాయో రాయొద్దు, ఫొటోల్లోంచి లొకేషన్ తీసేయండి. అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. అలాంటి పక్షి ఉన్న పొద దగ్గరికి మన వ్యాసం పట్టుకుని పదిమంది కెమెరాలతో వెళ్తే ఆ పాపం మనదే.

ఎడిటర్‌కు పిచ్ పంపండి

శాంక్చురీ ఏషియా, డౌన్ టు ఎర్త్ లాంటి ఇంగ్లిష్ పత్రికలున్నాయి. తెలుగులో ఆదివారం అనుబంధాలు, పిల్లల కోసం చెకుముకి ఉన్నాయి. పంపబోయే పత్రిక పాత సంచికలు ముందు చదవండి. పిచ్, అంటే ఏం రాస్తారో ఎడిటర్‌కు చెప్పే ప్రతిపాదన, ఒక పేజీ దాటకూడదు. ప్రశ్న ఏమిటి, ఇప్పుడే ఎందుకు, ఎవరితో మాట్లాడతారు, ఎన్ని పదాలు, ఫొటోలు ఎవరివి అనేవి అందులో ఉంటే చాలు. నెలపత్రికలు కొన్ని నెలల ముందే ప్లాన్ చేస్తాయి. కాబట్టి చలికాలం వలస పక్షుల గురించి జూలై, ఆగస్టుల్లోనే అడగాలి. రెండు వారాలు చూసి మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. కాదంటే కొద్దిగా మార్చి మరోచోటికి పంపండి.

ఒక్క ప్రయాణంతో ఒక్క వ్యాసమే రాస్తే ఖర్చులు కూడా రావు. అమ్రాబాద్ వెళ్తే మూషిక జింకల మీద సైన్స్ వ్యాసం, శ్రీశైలం రోడ్డులో రాత్రిపూట వాహనాల్ని ఎందుకు ఆపుతారన్న కథనం, మన్ననూరు చుట్టూ చూడదగ్గవాటిపై ప్రయాణ వ్యాసం రాయొచ్చు. మూడింటికీ ప్రశ్న వేరు, పాఠకులు వేరు.

కాగితాలు, డబ్బు

పారితోషికం ఎంత, ఎప్పుడిస్తారు, ప్రయాణ ఖర్చులు ఎవరివి, వ్యాసం తీసుకుని వేయకపోతే ఎంతిస్తారు? ఇవన్నీ రాయకముందే ఈమెయిల్‌లో ఖరారు చేసుకోండి. మొహమాటం వద్దు. హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం పేర్కొనకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది ఐదేళ్ళే అని లెక్క. ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకే. "అన్ని హక్కులూ, శాశ్వతంగా" అని ఒప్పందంలో కనిపిస్తే సంతకానికి ముందే మార్చమని అడగండి. అచ్చయిన రోజే ఇన్వాయిస్ పంపండి. పాన్ నంబర్, బ్యాంకు వివరాలు అందులోనే ఉండాలి. ఏడాది చెల్లింపులు పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. మీరు కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైతే రిటర్న్ వేసినప్పుడు మిగతాది తిరిగొస్తుంది.