కోడి జబ్బును గంప ఎత్తకముందే కనిపెట్టడం ఎలా?

కావలసినవి: టార్చిలైటు, పాత తువ్వాలు, జలుబు చేయని ముక్కు. వేళ తెల్లవారుజామున, టీ తాగకముందు. టీ తాగాక చూసిన వాసన లెక్కలోకి రాదు.

గూడు తలుపు తీయగానే కళ్లు మండేంత ఘాటు కొడితే అది అమోనియా. తప్పు కోడిది కాదు, మీది. తడిసిన ఊక ఎత్తేసి పొడి ఊక పరవండి. గూట్లో అగరొత్తులు వెలిగించిన మహానుభావుణ్ని కూడా చూశాను.

తర్వాత రెట్ట. గట్టిగా ఉండి పైన సున్నం పెట్టినట్టు తెల్లగా ఉంటే మంచిదే. ఎనిమిది పది రెట్టలకొకటి జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో పడుతుంది. అదీ మామూలే, దానికి మందు తాగించకండి. నీళ్లలా ఆకుపచ్చగా పోతూ, కోడి మేత ముట్టకుండా కునుకుతుంటే కొక్కెర తెగులేమోనని (రాణిఖేత్ జబ్బు) అనుమానించాలి. మెడ మెలి తిరిగితే అనుమానం ఇంకా బలపడుతుంది. పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే రక్తపారుడు కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ఇక అసలు పని, అందరూ పాడు చేసేది: మేత సంచి చూడడం.

రొమ్ము పైన, కోడికి కుడివైపున ఉంటుంది ఈ సంచి. సాయంత్రం మేతతో నిండి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. అందుకే గంప ఎత్తకముందు, ఒక్క గింజ వేయకముందు చూడాలి. పది గంటలకు తడిమి ‘నిండుగా ఉంది, జబ్బేమో’ అని ఫోన్ చేసేవాళ్లకు నేను జవాబివ్వడం మానేశాను.

చీకట్లోనే తువ్వాలు తలమీద కప్పి, రెక్కలు కదలకుండా ఎడమ చంకలోకి తీసుకోండి. నొక్కొద్దు. కోడికి మనలా ఉదరవితానం (ఊపిరికి సాయపడే, రొమ్ముకూ పొట్టకూ మధ్య కండర పొర) లేదు, రొమ్ము ఎముక ఆడితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా అదిమితే చేతిలోనే పోతుంది. ఇప్పుడు రెండు వేళ్లతో పండిన టమాటాను పట్టుకున్నంత మెల్లగా తడమండి. గట్టి ముద్దలా తగిలితే పొడవాటి గడ్డిపరకో, ప్లాస్టిక్ తాడో అడ్డం పడి ఉండొచ్చు. నీళ్లు నింపిన బుడగలా జారుతుంటే కోడి ముక్కు దగ్గర మీ ముక్కు పెట్టి ఆగండి. అది నోరు తెరిచినప్పుడు పులిసిన కల్లు వాసన వస్తే మేత సంచి పులిసిపోయిందన్నమాట.

ఇక్కడే జనం తలకిందులుగా పట్టుకుని కక్కిస్తారు. చేయకండి. ఊపిరి గొట్టం మూతి నాలుక వెనకే ఉంటుంది, ఆ పులుసు నీళ్లు నేరుగా అందులోకి దిగుతాయి. ఎవరో పెద్దాయన చెప్పాడని నేనూ ఒకసారి చేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నల్ల పెట్ట, రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది. వాసన కోసం సంచిని పిసికినా ఇదే ప్రమాదం. వేరే గంప కింద పెట్టి, మేత ఆపి, మంచినీళ్లు ఉంచి, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. వెల్లుల్లి నీళ్ల వీడియోలు తర్వాత చూసుకోవచ్చు.

ముఖం ఉబ్బి, ముక్కునుంచి కుళ్లు కంపుతో చీమిడి కారుతుంటే కొరైజా అనే కోళ్ల జలుబు జబ్బు కావచ్చు. మిగతావాటికి ఇట్టే అంటుతుంది, వెంటనే వేరు చేయండి.

మట్టిలో పక్కకు పడి కాళ్లు కొట్టుకుంటే కంగారొద్దు, అది మట్టి స్నానం. మా పక్కింటివాళ్లు ఫిట్స్ అనుకుని తాళంచెవి పట్టుకొచ్చారు. మే నెల ఎండలో నోరు తెరిచి రొప్పినా మామూలే, నీడా నీళ్లూ చూపించండి. డిసెంబరు తెల్లారుజామున మెడ చాచి గురగురలాడుతూ రొప్పితే మాత్రం కాదు.

ఒకేసారి నాలుగైదు పడిపోతే వాసనా వద్దు, తడమడమూ వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది మరి. ముట్టుకోకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. మామూలు రోజైతే చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. టీ అప్పుడు.