ర్యామ్ అమర్చడం, కాపాడుకోవడం

కంప్యూటర్ తెరమీద ఏమీ రాకుండా బీప్ శబ్దాలు మాత్రమే చేస్తుంటే, ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ పలక) కాలిపోయిందనుకుని వెంటనే గవర్నర్‌పేట దుకాణాలకు బయలుదేరేవారు మన బెజవాడలో చాలామంది ఉన్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు కనుక, వేసవిలో చేరిన దుమ్ము వానాకాలపు తేమతో కలిసి ర్యామ్ అంచున ఉండే బంగారు పూత రేకులమీద పొరలా అంటుకుంటుంది. అందువల్ల కొత్తది కొనేముందు పాతదాన్ని తీసి, శుభ్రం చేసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి చూడడం మంచిది.

శుభ్రం చేయడానికి పెన్సిల్ రబ్బరుతో రుద్దే పద్ధతి మన మెకానిక్కులలో బాగా వాడుకలో ఉంది. అది పనిచేస్తుంది గాని, పదేపదే రుద్దితే పలుచని పూత అరిగిపోతుంది, రబ్బరు పొట్టు స్లాటులో, అంటే ర్యామ్ దూరే గాడిలో, చేరుతుంది. నూలు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వడమే మేలు.

కొనక తప్పకపోతే ముందు రకం తెలుసుకోవాలి. ర్యామ్ తరాలను డీడీఆర్3, 4, 5 అంటారు. డెస్క్‌టాప్‌లో డీడీఆర్3కు 240 పిన్నులు ఉంటాయి. డీడీఆర్4కు, డీడీఆర్5కు చెరి 288 ఉన్నా, మధ్యలోని గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. ల్యాప్‌టాప్‌కు పొట్టి రకం కావాలి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు కనుక, వెనుక మూత విప్పేముందు ఆ సంగతి విచారించుకోవాలి.

అమర్చేటప్పుడు కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచితే లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. ల్యాప్‌టాప్ అయితే అంతకుముందే బ్యాటరీని కూడా విడదీయాలి. గాలిలో తేమ ఉన్నప్పుడు స్థిర విద్యుత్తు భయం తక్కువే గాని, ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది కనుక, క్యాబినెట్‌లోని రంగు వేయని లోహభాగాన్ని ఒకసారి తాకి, ఆపైన ర్యామ్‌ను అంచులతో మాత్రమే పట్టుకోవాలి. స్లాటు క్లిప్పులు తెరిచి, గాడిని సరిచూసుకుని, రెండు చివరలనూ సమానంగా నొక్కితే క్లిప్పు టక్కున పడుతుంది. కొన్ని బోర్డులకు క్లిప్పు ఒకవైపే ఉంటుంది; అక్కడ రెండో చివర పైకి లేచి ఉండిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ల్యాప్‌టాప్‌లో ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో దూర్చి కిందికి నొక్కాలి. నాలుగు స్లాటులున్న బోర్డులో రెండు ర్యామ్‌లు వేస్తే, ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాటులే సాధారణంగా సరైనవి. మాన్యువల్ చెప్పినదే చివరి మాట.

డీడీఆర్5 వేసిన మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. ఆ సమయంలో బోర్డు ర్యామ్‌ను సరిచూసుకుంటూ ఉంటుంది, కంగారుపడి ఆపివేయకూడదు. తెర వచ్చాక బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ర్యామ్ పూర్తి పరిమాణం కనిపిస్తోందా అని చూసి, పెన్‌డ్రైవ్ ద్వారా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామును నడపాలి. ఒక్క లోపం చూపినా ఉపేక్షించక, ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే దోషం ఎందులో ఉందో తేలుతుంది. వారంటీ కోరాలంటే ర్యామ్‌మీది స్టిక్కరు చెరగకుండా ఉండాలి. కనుక తుడిచేటప్పుడు ఆల్కహాల్‌ను దానికి తగలనివ్వకండి.