ఇష్టం తగ్గిన ఆటను హైస్కూల్లో కొనసాగించాలా, మానుకోవాలా: ఎలా తేల్చుకోవాలి?

ఏడో తరగతిలో ఎగిరి గంతేసి చేరిన ఆట తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బరువుగా తోచడం కొత్త విషయమేమీ కాదు. గోదావరి డెల్టా ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, షటిల్ ఆడే పిల్లల్లో కొందరు సాయంత్రం బెల్లు కొట్టే వేళకు ఏదో ఒక నొప్పి వెతుక్కుంటూ ఉంటారు. మానేస్తానంటే ‘ఆడలేక మద్దెల ఓడు’ అంటారేమోనన్న భయంతో నోరు విప్పరు. మద్దెల నిజంగానే ఓడుదా, లేక వాయించే చేతికే విసుగు పుట్టిందా అన్నది కాస్త ఓపికతో చూస్తే తెలుస్తుంది. అలా చూసే పద్ధతి ఇది.

మొదట గడువు పెట్టుకోండి

ఓడిపోయిన రోజున, మాస్టారు అందరి ముందూ కేకలేసిన రోజున, సెలక్షన్స్‌లో పేరు రాని రోజున నిర్ణయం తీసుకోకండి. మూడు వారాల గడువు పెట్టుకుని, నోటు పుస్తకం చివరి పేజీలో రోజుకు రెండే మాటలు రాయండి: గ్రౌండ్‌కు వెళ్లే ముందు మనసు ఎలా ఉంది, తిరిగి వచ్చాక ఎలా ఉంది. వెళ్లేటప్పుడు బద్ధకంగా ఉండి, వచ్చేటప్పుడు హుషారుగా ఉన్న రోజులే ఎక్కువైతే ఆట మీద ఇష్టం పోలేదని, అలసట మాత్రమే పేరుకుందని అర్థం. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, గెలిచిన రోజు కూడా, మనసు ఒకేలా ముడుచుకుని ఉంటే అది వేరే సంగతి.

ఆటను దాని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీయండి

ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడే. నా సంగతే చెబుతాను. మా ఇల్లు సఖినేటిపల్లి వైపు, బడి నరసాపురంలో. వాలీబాల్ సాధన ముగిసేసరికి చీకటి పడేది, గోదావరి పాయ వశిష్ఠను దాటించే పంటు, అంటే రేవు పడవ, దొరుకుతుందో లేదోనన్న బెంగతో చివరి అరగంట నా చూపు బంతి మీద కాక రేవు వైపే ఉండేది. ఆట మీద విసుగు పుట్టిందని నాకు నేనే చెప్పుకుని ఆ ఏడాది మానేశాను. తరువాతి వేసవిలో ఊళ్లో కుర్రాళ్లతో కొబ్బరితోట పక్కన నెట్ కట్టి పొద్దు గుంకేదాకా ఆడినప్పుడు గానీ, నాకు విసుగు పుట్టింది పంటు కోసం పడే తొందర మీదనే అని తెలియలేదు. అరగంట ముందు పంపమని మాస్టారిని అడిగి ఉంటే సరిపోయేది.

కాబట్టి మిమ్మల్ని మీరు ఇలా ప్రశ్నించుకోండి: మాస్టారూ చూసేవాళ్లూ సర్టిఫికెట్టూ ఏవీ లేకుండా, ఆదివారం కాలవగట్టు మీద స్నేహితులు ఇదే ఆట ఆడుతుంటే నేను వెళతానా? వెళతాను అని వెంటనే అనిపిస్తే మీకు కష్టం కలిగిస్తున్నది ఆట కాదు. అది సీనియర్ల వెక్కిరింత కావచ్చు. కబడ్డీలో కూతకు వెళ్లడంలో ఆనందించే మిమ్మల్ని మూలలో పట్టుకు నిలబెట్టడం కావచ్చు. మిగతావారు పొడుగు పెరిగి మీరు పెరగకపోవడం వల్ల నెట్ దగ్గర మీ స్మాష్‌కు విలువ తగ్గడం కావచ్చు. ఆడపిల్లలకైతే బట్టలు మార్చుకునే గది లేకపోవడం, నెలసరి రోజుల్లో సెలవు అడగలేకపోవడం అన్నిటికన్నా పెద్ద కారణం కావచ్చు, దాన్ని చిన్న విషయంగా కొట్టిపారేసే పెద్దలు ఒక్కసారి ఆ గ్రౌండ్‌కు వెళ్లి చూడాలి. ఇలాంటి వాటిలో చాలావాటికి మానుకోవడం కన్నా తేలికైన మందు ఉంది.

అయితే ఒక్క కారణానికి మాత్రం మూడు వారాల గడువు వర్తించదు. శిక్షణ పేరుతో ఎవరైనా కొట్టినా, అసభ్యంగా తాకినా, మాట్లాడినా, ఆ రోజే ఇంట్లో చెప్పి ఆ చోటుకు వెళ్లడం ఆపండి. ఇంట్లో చెప్పలేని పరిస్థితి అయితే పిల్లల సహాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి అమల్లో ఉంది, అది శిక్షకులకూ వర్తిస్తుంది.

ఒంటి మాట వినండి

ఎదిగే వయసులో మనసు అలసిందనుకున్నది ఒక్కోసారి ఒంటి అలసట అవుతుంది. ఎగిరే, పరిగెత్తే ఆటలు ఆడే పిల్లలకు మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి రావడం సాధారణం, విశ్రాంతి ఇస్తే అది చాలామందిలో తగ్గుతుంది. రక్తహీనత ఉన్న పిల్లలకు నాలుగు అడుగులు పరిగెత్తగానే ఆయాసం వచ్చి ఆట మీదే విరక్తి కలుగుతుంది, చిన్న రక్తపరీక్షతో అది బయటపడుతుంది. వారానికి సాధన చేసే గంటలు పిల్లల వయసు సంఖ్యను మించకూడదని, వారంలో కనీసం ఒక రోజు పూర్తి విరామం ఉండాలని క్రీడావైద్యులు సూచిస్తారు. అంటే 14 ఏళ్ల పిల్లవాడు పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర చొప్పున ఆరు రోజులూ ఆడితే 18 గంటలవుతుంది. ఉప్పెక్కిన గాలిలో, ఉక్కపోతలో అంతసేపు ఆడి, ఇంటికొచ్చి లెక్కలు చేయలేకపోతున్నానని బాధపడే పిల్లవాడికి ముందు కావలసింది సాధన తగ్గించడం.

పోయేదేమిటో, మిగిలేదేమిటో లెక్క వేయండి

ఇంట్లో తరచుగా వినిపించే వాదన సర్టిఫికెట్. దీని గురించి స్పష్టత ఉండాలి. పాఠశాల క్రీడలను 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలుగా నిర్వహిస్తారు, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి ఎంపికలు సాగుతాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో పాఠశాల ఆటకు గుర్తింపు రావాలంటే రాష్ట్ర జట్టు తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడి ఉండాలి. మండల, జిల్లా స్థాయి కాగితాలు గోడకు అందమే గానీ ఆ తలుపు తెరవవు. మీరు రాష్ట్ర జట్టు అంచున ఉన్నారా, జిల్లా దగ్గరే ఆగుతున్నారా అన్నది మాస్టారిని సూటిగా అడగండి. మొదటిదైతే ఇంకొక్క సీజన్ ఓపిక పట్టడంలో అర్థం ఉంది. రెండోదైతే కోటా ఆశతో ఇష్టం లేని ఆటను మోయనక్కరలేదు.

రెండో వాదన ఉదాహరణ. అమలాపురానికి చెందిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2022లో పురుషుల జట్ల ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీ అయిన థామస్ కప్ గెలిచిన భారత జట్టులో ఆడినప్పటి నుంచి, కోనసీమలో షటిల్ మానేస్తానన్న పిల్లలకు ఆ పేరు వినిపించకుండా ఉండదు. ఆ స్థాయికి ఎదిగినవారి పట్టుదల గొప్పదే, కానీ ఇష్టం చచ్చిన చోట పట్టుదలను పుట్టించడం ఉదాహరణల వల్ల కాదు.

మూడోది, ‘నాలుగేళ్లు ఆడి ఇప్పుడు మానేస్తావా’ అన్నది. ఆ నాలుగేళ్లు ఆడినా తిరిగి రావు, మానినా పోవు. లెక్కలోకి తీసుకోవలసింది రాబోయే ఏడాదిని మాత్రమే, పదో తరగతి పిల్లలైతే అందులో మార్చి పరీక్షలను కూడా.

మధ్య దారి ప్రయత్నించండి

ఆడటానికీ మానటానికీ మధ్య చాలా మెట్లున్నాయి. నెల రోజులు సెలవు అడగవచ్చు. వాలీబాల్‌లో ఎత్తు చాలనివారు లిబెరోగా, అంటే వెనక వరుసలో బంతిని కాచే ఆటగాడిగా, రాణించవచ్చు. జట్టు విడిచి, సంక్రాంతికి ఊళ్లో జరిగే పోటీల్లో మాత్రం ఆడవచ్చు. ఆట మారవచ్చు, స్కోరు రాయడం, అంపైరింగ్ నేర్చుకోవచ్చు. వీటిలో ఒకదాన్ని నెల రోజులు చేసి చూసినా మీ నోటు పుస్తకంలోని మాటలు మారకపోతే, మానుకోవడమే సరైనది.

చెప్పవలసిన వేళ, చెప్పవలసిన తీరు

పోటీకి జట్టు పేర్లు పంపాక మధ్యలో తప్పుకోకండి. కబడ్డీలో బరిలో నిలిచేది ఏడుగురు, వాలీబాల్‌లో ఆరుగురు, ఆఖరి నిమిషంలో ఒకరు తగ్గితే ఆ నష్టం మిగతావారిది. గాయం, వేధింపు లాంటి కారణం లేనంతవరకు ఆ పోటీ ముగించి రావడం మంచిది. ముందుగా ఇంట్లో చెప్పండి, అదీ నాన్నగారు చేలో నుంచో చెరువు దగ్గర నుంచో అలిసి వచ్చిన వేళ కాకుండా, భోజనాలయ్యాక. ‘నాన్నా, మూడు వారాలుగా రాసుకున్నాను, ఒకసారి చూస్తారా’ అని పుస్తకం చేతికిస్తే వాదన సగం తగ్గుతుంది. అమ్మ ముందే ఒప్పుకుని ఉంటే మిగతా సగమూ తగ్గుతుంది, డెల్టాలో చాలా ఇళ్ల రహస్యం ఇదే.

మాస్టారికి మాత్రం స్నేహితుడి చేత కబురు పంపకుండా, మీరే వెళ్లి, గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు చెప్పండి. ‘మాస్టారూ, మీరు నేర్పింది మరిచిపోను. ఈ సీజన్ తరువాత జట్టులో ఉండలేనండి, నా చోటులోకి వచ్చేవారికి నెల రోజులు సాయం చేస్తాను’ అంటే చాలు. ఆయన కారణం అడిగితే ఒక్కటే చెప్పండి, నిజమైనదే చెప్పండి. ఆయన కోప్పడితే ఆ రోజుకు ఊరుకుని రెండు రోజుల తరువాత మళ్లీ కలవండి.

మానేశాక ఖాళీ అయ్యే సాయంత్రాన్ని ముందే దేనికో ఒకదానికి కేటాయించుకోండి. నడకో, ఈతో, సైకిలో ఏదో ఒక కదలిక అందులో ఉండాలి, లేకపోతే ఆ గంటను ఫోన్ మింగేస్తుంది. బడి ఇచ్చిన జెర్సీని ఉతికి, మోకాలి ప్యాడ్లతో సహా మాస్టారికి అప్పగించి, రిజిస్టర్‌లో మీ పేరు ఎదురుగా సంతకం చేసి రండి.