కాలేజీ బేస్‌బాల్ కోచ్‌గా మొదటి వారం

ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడినవారు హైదరాబాద్ కాలేజీలో కోచింగ్ మొదలుపెడితే, దొరికేది క్రికెట్‌తో పెరిగిన పిల్లలే. చురుకైన ఫీల్డర్లు, మంచి అదృష్టమే. అయినా ముందు గ్రౌండ్ సంగతి చూడండి.

హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడే ఐదు మూలల పలక) వెనక కొన నుంచి సెకండ్ బేస్ మధ్యకు టేపు లాగండి: 127 అడుగుల 3⅜ అంగుళాలు. ఆ రెండు చోట్ల నుంచీ 90 అడుగులు కలిసేచోట ఫస్ట్, థర్డ్ బేస్‌లు. పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) కాలు పెట్టే ప్లేట్ ముందంచు హోమ్ కొనకు 60 అడుగుల 6 అంగుళాల దూరం. కంటి అంచనాతో వేస్తే డైమండ్ (హోమ్, మూడు బేస్‌ల చదరం) వంకరపోయి త్రోలన్నీ తప్పుతాయి.

ఫాస్ట్ బౌలర్ని చూడగానే పిచర్ని చేసెయ్యకండి. బౌలింగ్‌లో మోచెయ్యి చాచే ఉంటుంది, పరుగు ఊపునిస్తుంది. ఇక్కడ నిలబడ్డచోటే కాలూ నడుమూ తిప్పి ఆ ఊపు తెచ్చుకోవాలి. లేదంటే భారమంతా భుజం మీదే. 45 అడుగుల నుంచి 25 త్రోలు, కాస్త విరామం, మళ్లీ 25. మర్నాడు నొప్పి లేకుంటేనే 60 అడుగులు.

క్రికెట్ అలవాటుతో పిల్లలు కొట్టాక బ్యాట్ పట్టుకునే పరుగెత్తుతారు. కింద వదిలేయడం మొదటిరోజే అలవాటు చేయించండి. ఫస్ట్ బేస్ దగ్గర వేగం తగ్గించొద్దు, దాటి నేరుగా వెళ్లిపోవచ్చు.

స్లైడింగ్ (నేల మీద జారుతూ బేస్ చేరడం) తడి గడ్డి మీద, బూట్లు విప్పించి సాక్సులతోనే నేర్పండి. బూట్ల కింది స్పైకులు నేలలో దిగితే చీలమండ మెలిపడుతుంది.