గృహహింస చట్టం కింద రక్షణ కోరే దరఖాస్తు: ఎక్కడ ఇవ్వాలి, ఏమి రాయాలి

2005 నాటి గృహహింస చట్టం కింద సాయం అడగడానికి ముందుగా పోలీసు కేసు పెట్టనక్కరలేదు, విడాకులు కోరనక్కరలేదు, ఇల్లు వదిలి రానక్కరలేదు. ఈ సంగతి తెలియకే ఎందరో ఏళ్ల తరబడి ఓర్చుకుంటున్నారు. భార్యే కాదు, తల్లి, తోబుట్టువు, భర్త పోయిన కోడలు, పెళ్లి వంటి సహజీవనంలో ఉన్న స్త్రీ కూడా దరఖాస్తు చేయవచ్చు. ఖర్చులకు డబ్బివ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం కూడా చట్టం దృష్టిలో హింసే.

జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖలో రక్షణాధికారిని కలవండి. వెళ్లే వీలు లేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు 112. అధికారి మీ మాటలు విని ఫారం 1లో ఘటన నివేదిక రాస్తారు. ఆ నివేదిక లేకపోయినా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి అధికారి దొరకలేదని ఆగిపోకండి.

అసలు దరఖాస్తు ఫారం 2. పుట్టింటికి వచ్చేసినవారు ఆ ఊరి మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయవచ్చు. న్యాయసేవాధికార సంస్థను అడిగితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. వారి నంబరు 15100.

దరఖాస్తుకు బలం వివరాల్లోనే ఉంది. ‘రోజూ వేధిస్తున్నాడు’ అని ఊరుకోకుండా ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట, ఏమి జరిగిందో ఒక్కొక్కటిగా రాయండి. తేదీ గుర్తు లేకపోతే సంక్రాంతి ముందో, పిల్లల పరీక్షలప్పుడో అని చెప్పండి. ఆస్పత్రి చీటీలు, గాయాల ఫొటోలు, మెసేజ్‌లు జతచేయండి. రశీదులు లేని నగలను కూడా జాబితాలో చేర్చండి. రక్షణ, నివాసం, భరణం, పిల్లల కస్టడీ, నష్టపరిహారం, వీటిలో మీకు కావలసినవన్నీ అడగండి. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, మీరు అక్కడ కాపురం చేసి ఉంటే నివాస హక్కు కోరవచ్చు. 2020లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది.

మొదటి విచారణ సాధారణంగా 3 రోజుల్లో జరగాలి, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. ఆచరణలో వాయిదాలు పడుతూనే ఉంటాయి. అందుకే ఫారం 3 ప్రమాణపత్రం కూడా జతచేసి మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోగా అమల్లో ఉండే ఉత్తర్వు, తప్పకుండా కోరండి.

ఉత్తర్వు ప్రతిని కోర్టు మీకూ, స్థానిక పోలీస్ స్టేషన్‌కూ ఉచితంగా ఇస్తుంది. రక్షణ ఉత్తర్వును అవతలివారు మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరిన రోజే రక్షణాధికారికో, పోలీసులకో రాతపూర్వకంగా తెలియజేయండి.