తూటా చేతికి రాకముందే గురి నేర్చుకోవడం ఎలా: శిక్షణకు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాజీ సైనికుడి సూచనలు

శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా తెల్లవారుజామున ఏ రోడ్డు మీద చూసినా సైన్యంలో చేరాలని పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. 1.6 కిలోమీటర్ల పరుగు గురించి గాని, తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం గురించి గాని వారికి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అయితే ఎంపికై వెళ్లిన తరువాత, పరుగులో అందరికంటే ముందుండే మన కుర్రాళ్లు కొందరు ఫైరింగ్ రేంజ్ మీద వెనుకబడటం నేను చూశాను. వారి కంటిలో దోషం లేదు. ఊపిరి, వేలు, చప్పుడు మీది భయం, ఈ మూడూ వారిని దెబ్బతీశాయి. వీటిలో మొదటి రెంటిని ఇంటి పెరట్లోనే, తూటా అవసరం లేకుండా చక్కబెట్టుకోవచ్చు.

నేను 1984లో చేరినప్పుడు మా చేతికి ఇచ్చినది ఇషాపూర్ కర్మాగారంలో తయారైన 7.62 మిల్లీమీటర్ల ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్. ఇరవై తూటాల మ్యాగజైనుతో దాని బరువు అయిదు కిలోలకు దగ్గరగా ఉండేది. 1990ల చివరలో దాని స్థానంలో 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ రైఫిల్ వచ్చింది. ఇప్పుడు ఇన్సాస్‌తో పాటు సిగ్ 716, అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే 203 రైఫిళ్లు కూడా సైన్యంలో ఉన్నాయి. తుపాకీ మారినా పట్టు, శిస్త్, ఊపిరి, ట్రిగ్గరు అనే వరుస మారలేదు. శిస్త్ అంటే గురి చూడటం. అక్కడ పాఠమంతా హిందీలోనే జరుగుతుంది కనుక ఇటువంటి మాటలను ముందే నేర్చుకొని వెళ్లడం మంచిది. ఆయుధాలు భద్రపరచే గదిని ‘కోత్’ అంటారు. మొదటి వారంలో ఉస్తాద్, అంటే శిక్షణ ఇచ్చే హవల్దారు లాంటి గురువు, నన్ను కోత్‌కు వెళ్లమన్నప్పుడు, నెల్లిమర్ల పక్క పల్లె నుంచి వెళ్లిన నేను ఎవరి పొలంలో కోత అని అడిగి, మైదానం చుట్టూ మూడుసార్లు దొర్లవలసి వచ్చింది.

పెరటి సాధనకు కావలసినవి మూడే: రైఫిలంత పొడవున్న ఒక సరుగుడు కర్ర, బట్టలకు పెట్టే స్ప్రింగు క్లిప్పు, ఒక రూపాయి నాణెం. కర్ర ముందు కొసను కత్తితో పైవైపు చదును చేయండి. ఇసుక నింపిన సీసాలను కర్రకు కట్టి, మొత్తం బరువు నాలుగు కిలోలకు తీసుకురండి. ఖాళీ ఇన్సాస్ బరువు సుమారుగా అంతే ఉంటుంది. చూపుడు వేలికి అందే చోట క్లిప్పును కట్టండి. పది మీటర్ల దూరంలో గోడ మీద బొగ్గుతో ఒక చుక్క పెట్టి, కర్రను దాని వైపు ఉంచి బోర్లా పడుకోండి. కాళ్లు ఎడంగా, మడమలు నేలకు ఆని ఉండాలి. ఎడమ మోచేయి కర్రకు వీలైనంత కిందుగా రావాలి. ఇప్పుడు కళ్లు మూసుకొని రెండు సార్లు ఊపిరి పీల్చి వదిలి, కళ్లు తెరిచి చూడండి. కర్ర చుక్క మీద నుంచి పక్కకు జరిగి ఉంటే దానిని చేతులతో లాగవద్దు. బొడ్డు దగ్గర నుంచి శరీరాన్నే కొద్దిగా జరపండి. చేతి బలంతో నిలబెట్టిన గురి ఊపిరి వదలగానే చెదిరిపోతుంది, శరీరం కుదిరి వచ్చిన గురి చెదరదు.

తరువాత నాణేన్ని కర్ర కొసన పెట్టించుకోండి. ఊపిరి సగం వదిలి, ఆపి, క్లిప్పును మెల్లగా నొక్కండి. నాణెం పడిపోకూడదు. ఊపిరి ఆపిన తరువాత ఏడెనిమిది సెకన్లలో వేలి పని పూర్తి కాకపోతే ఆ ప్రయత్నాన్ని వదిలేసి, మళ్లీ గాలి పీల్చి మొదలుపెట్టాలి. మొండిగా పట్టుకుంటే కన్ను మసకబారుతుంది. మా వీధి కుర్రాడొకడు దీనిని చూసి, “తాతా, గుండు లేకుండా గురేటి?” అని నవ్వాడు. అతని నాణెం మొదటి రోజు ఇరవై సార్లలో పదిహేడు సార్లు కింద పడింది. ఈ సాధన పెరట్లోనే చేయాలి గాని, తుపాకీలా కనిపించే కర్రతో రోడ్డెక్కకూడదు.

అసలు రైఫిల్ చేతికి వచ్చాక చూపు విషయంలో ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. ఫోర్‌సైట్ (గొట్టం ముందు కొసన ఉండే గురి ముల్లు) మొన, బ్యాక్‌సైట్ (కంటికి దగ్గరగా ఉండేది) రంధ్రం, టార్గెట్ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడాలనుకుంటారు. కంటికి అది సాధ్యం కాదు. ఫోర్‌సైట్ మొన మాత్రమే సూదిమొనలా స్పష్టంగా కనబడాలి, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా పరవాలేదు. అయిదు తూటాలు కాల్చాక అవి నడిబొడ్డుకు దూరంగా పడినా ఒకే గుప్పెడు చోటులో ఉంటే సంతోషించండి. సైట్ సరిచేస్తే సరిపోతుంది. నాలుగు మూలలకూ చెదిరి పడితే మాత్రం సరిచేయవలసింది మనిషినే.

భయం సంగతి నా అనుభవంతోనే చెబుతాను. మొదటి రోజు ఎస్‌ఎల్‌ఆర్ వెనక్కి తంతుందని విని, బట్టును, అంటే తుపాకీ వెనుక మడమను, భుజానికి ఆనించకుండా వేలెడు దూరంలో పెట్టుకున్నాను. ఆ వేలెడు సందులోనే అది వేగం పుంజుకొని గుద్దడంతో వారం రోజులు భుజం కమిలిపోయి ఉంది. రెండో రోజు చప్పుడుకు ముందే కళ్లు మూసుకుంటున్నానని ఉస్తాద్ కనిపెట్టి, నాకు తెలియకుండా మ్యాగజైనులో ఒక ఉత్తుత్తి రౌండు కలిపాడు. తుపాకీ పేలలేదు, నేను మాత్రం భుజాన్ని ఎగరవేశాను. ఇంతకు మించిన పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. బట్టును భుజం గుంటలో గట్టిగా అదిమి పెట్టండి. పేలిన తరువాత కూడా ఒక క్షణం చెంప ఎత్తకుండా, వేలు వదలకుండా ఉండండి.

ఎక్సర్‌సైజులకు, అంటే యుద్ధ విన్యాసాలకు, వెళ్లినప్పుడు గురి కంటే ముందు వస్తువు మీద జాగ్రత్త కావాలి. 1986 చివర రాజస్థాన్‌లో సైన్యం జరిపిన బ్రాస్‌టాక్స్ విన్యాసాలకు వెళ్లినప్పుడు, రాత్రి నడకలో నా పౌచ్ (నడుముకు కట్టుకునే సంచి) బొత్తాం ఊడి ఒక ఖాళీ మ్యాగజైన్ ఇసుకలో పడిపోయింది. మా సెక్షన్ (చిన్న దళం) అంతా నా వల్ల తెల్లవారే వరకు మోకాళ్ల మీద ఇసుక జల్లించింది. ఆ తరువాత ప్రతి విరామంలోనూ బొత్తాలు, మ్యాగజైన్లు, నీళ్ల సీసా, ఈ వరుసలో చేత్తో తడిమి చూసుకోవడం అలవాటైంది. ఈ అలవాటును మీరు ఇప్పుడే, జేబులోని ఫోనుతోనూ తాళంచెవులతోనూ మొదలుపెట్టవచ్చు.

రాత్రి దిక్కు పట్టడం నేర్చుకోవడానికి కళింగపట్నం తీరం మంచి బడి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలను కప్పుతుంది. మన జిల్లాలు 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి కనుక ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతానికి పైన రెండు పిడికిళ్ల కంటే కొంచెం తక్కువ ఎత్తులో కనిపిస్తుంది. జైసల్మేరులో మూడు పిడికిళ్లకు దగ్గరగా ఉంటుంది. మన వైపు అంత కిందుగా ఉంటుంది కనుక తాటితోపులు అడ్డు వస్తే అది వాటి వెనుక దాగిపోతుంది.

ఇక రైఫిల్‌ను శుభ్రం చేయడం. పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి, గుడ్డ తెల్లగా వచ్చే వరకు గొట్టంలో నుంచి లాగాలి. ఇసుక నేలలో నూనెను పలచగా మాత్రమే రాయాలి, లేకపోతే ధూళి దానికి అంటుకొని బురదవుతుంది. కాల్పులు జరిపిన మరునాడు, ఆ పై రోజు కూడా గుడ్డ లాగండి. మొదటి రోజు తెల్లగా వచ్చిన గొట్టంలో నుంచే మర్నాడు మళ్లీ నల్లని గుడ్డ బయటికి వస్తుంది.