మీ మానిటర్‌లో బాగున్న పేజీ కస్టమర్ ఫోన్‌లో చెదిరిపోతోందా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విశాఖ ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్స్ వాళ్లకి అరకు ప్యాకేజీల పేజీ చేస్తున్నారనుకోండి. మీ ముందు 1920×1080 మానిటర్ ఉంది. ఓనర్ దగ్గర పాత 1366×768 లాప్‌టాప్. బుక్ చేసుకునే టూరిస్టు మాత్రం ఆర్కే బీచ్‌లో ఎండలో నిలబడి ఫోన్‌లో చూస్తాడు. ముగ్గురికీ పేజీ ఒకేలా కనిపించనక్కర్లేదు. కానీ రేటు, ఫోన్ నంబరు ముగ్గురికీ దొరకాలి. ఎక్కువగా ఎదురయ్యే సమస్యలతో మొదలుపెడదాం.

ఫోన్‌లో పేజీ మొత్తం కుంచించుకుపోయి, అక్షరాలు చీమల్లా ఉన్నాయి

కారణం: వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఎంత వెడల్పులో గీయాలో బ్రౌజర్‌కి చెప్పే లైను) లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీది డెస్క్‌టాప్ పేజీ అనుకుని, సుమారు 980 పిక్సెళ్ల వెడల్పులో గీసి, దాన్ని స్క్రీన్‌కి సరిపడా కుదిస్తుంది.

పరిష్కారం: హెడ్ భాగంలో ఆ ట్యాగ్ పెట్టి, విడ్త్‌కి డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్‌కి 1 ఇవ్వండి. జూమ్ చేయనివ్వని సెట్టింగ్ మాత్రం దయచేసి పెట్టకండి. చూపు తగ్గిన పెద్దవాళ్లు రేటు చదవాలంటే రెండు వేళ్లతో పెద్దది చేసుకోవాల్సిందే.

పేజీ పక్కకి జరుగుతోంది, కుడివైపు తెల్లగా ఖాళీ వస్తోంది

ఏదో ఒకటి స్క్రీన్ కంటే వెడల్పుగా ఉంది. అదేంటో ముందు పట్టుకోవాలి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో వెడల్పు 360 పెట్టి, సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) అన్ని ఎలిమెంట్లకీ తాత్కాలికంగా ఎర్ర అవుట్‌లైన్ ఇవ్వండి. స్క్రీన్ అంచు దాటినది కంటికి కనిపిస్తుంది.

బొమ్మ అయితే మాక్స్-విడ్త్ 100%, హైట్ ఆటో ఇస్తే చాలు. ఏదైనా సెక్షన్‌కి 100 వీడబ్ల్యూ (విండో మొత్తం వెడల్పు) ఇచ్చి ఉంటే, విండోస్‌లో స్క్రోల్‌బార్ వెడల్పు కూడా అందులో కలిసిపోయి ఆ కాస్త బయటికి వస్తుంది. అక్కడ 100% వాడండి.

అసలు ఇబ్బంది రేట్ల టేబుల్‌తో. చూసే చోటు, బయల్దేరే టైము, బస్సు రకం, భోజనం, రేటు అని ఐదు కాలమ్‌లు 360 పిక్సెళ్లలో పట్టవు. చాలామంది బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ ఇచ్చేసి పనైపోయిందనుకుంటారు. అప్పుడు తెగిపోయేది చివరి కాలమ్, అంటే రేటు! టేబుల్‌ని ఒక డివ్‌లో పెట్టి, ఆ డివ్‌కి మాత్రమే ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇవ్వండి, టేబుల్ ఒక్కటే పక్కకి జరుగుతుంది. నన్నడిగితే, ఫోన్‌లో ఒక్కో ప్యాకేజీని ఒక్కో కార్డుగా మార్చి, బొర్రా గుహల పేరు పక్కనే రేటు చూపించడం ఇంకా మేలు.

"నాది ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్, అయినా చిన్న స్క్రీన్ లేఅవుట్ వస్తోంది"

ఓనర్లు ఇలా అడిగితే టెన్షన్ పడక్కర్లేదు. విండోస్‌లో స్కేలింగ్ 150% ఉంటే, 1920 పిక్సెళ్ల స్క్రీన్‌ని బ్రౌజర్ 1280గానే లెక్కేస్తుంది. 125% అయితే 1536. బ్రౌజర్‌లో జూమ్ పెంచినా అంతే. మీడియా క్వెరీలు (వెడల్పుని బట్టి లేఅవుట్ మార్చే సీఎస్ఎస్ నియమాలు) చూసేది ఈ సీఎస్ఎస్ పిక్సెళ్లనే, డబ్బా మీద రాసిన రిజల్యూషన్‌ని కాదు.

అందుకే ఫలానా ఫోన్, ఫలానా మానిటర్ అని బ్రేక్‌పాయింట్లు (లేఅవుట్ మారాల్సిన వెడల్పులు) పెట్టుకుంటూ పోతే పని తెమలదు. విండోని మెల్లగా ఇరుకు చేస్తూ రండి. మెనూ రెండో వరుసలోకి దిగిన చోట, కార్డులు నలిగిన చోట బ్రేక్‌పాయింట్ పెట్టండి. వెబ్ డిజైనర్ ఈథన్ మార్కోట్ 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరుపెట్టిన పద్ధతిలో మీడియా క్వెరీలతో పాటు, సాగే గ్రిడ్, సాగే బొమ్మలు కూడా ఉన్నాయి. ఆ రెండూ సరిగ్గా ఉంటే క్వెరీల అవసరం చాలా తగ్గుతుంది.

పై బ్యానర్‌లో కుర్సురా జలాంతర్గామి సగమే కనిపిస్తోంది

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఈ జలాంతర్గామి దాదాపు 91 మీటర్ల పొడవుంది, కాబట్టి ఫొటో కూడా బాగా అడ్డంగానే ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్-సైజ్ కవర్ ఇస్తే నిలువు ఫోన్‌లో రెండు చివరలూ తెగి, మధ్యలో నల్లటి ముక్క మిగులుతుంది. పిక్చర్ ట్యాగ్ వాడి, ఫోన్‌కి వేరుగా కత్తిరించిన ఫొటో ఇవ్వండి. బ్యానర్ ఎత్తు 100 వీహెచ్ (స్క్రీన్ మొత్తం ఎత్తు) పెట్టి ఉంటే, కిందున్న బటన్ ఫోన్‌లో అడ్రస్ బార్ వల్ల స్క్రీన్ దాటిపోవచ్చు. అడ్రస్ బార్‌ని బట్టి మారే 100 డీవీహెచ్ వాడండి.

తెలుగు అక్షరాలు పైనా కిందా తెగుతున్నాయి

ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే వచ్చే తంటా ఇది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. "విశాఖపట్నం"లో ట కింద న ఒత్తు చూడండి, 1.2 లైన్-హైట్‌లో అది కింది వరుస గుడికి తగులుతుంది. లైన్-హైట్ 1.6 దాకా పెంచండి. లెటర్-స్పేసింగ్ తీసేయండి. బటన్లకి ఫిక్స్‌డ్ హైట్, ఫిక్స్‌డ్ విడ్త్ తీసి ప్యాడింగ్ ఇవ్వండి. "బుక్ చేసుకోండి" అనే మాటకి "బుక్ నౌ" కంటే ఎక్కువ చోటు కావాలి, ఇవ్వాల్సిందే.

పెద్ద మానిటర్‌లో వాక్యం ఈ చివర నుంచి ఆ చివరకి పోతోంది

పేరాలకి మాక్స్-విడ్త్ 40 ఈఎమ్ (ఫాంట్ సైజుకి 40 రెట్లు) దగ్గర ఆపండి. ఫొటోలు మసకగా ఉంటే ఎస్ఆర్‌సీసెట్‌లో (ఒకే ఫొటోని వేర్వేరు సైజుల్లో ఇచ్చే జాబితాలో) పెద్ద సైజు కూడా చేర్చండి.

ఐఫోన్‌లో ఫారం ముట్టుకోగానే పేజీ జూమ్ అవుతోంది

ఇన్‌పుట్ ఫాంట్ 16 పిక్సెళ్ల కంటే తక్కువుంది. 16కి పెంచండి.

సైట్ అప్పగించే ముందు 360, 768, 1366, 1920 వెడల్పుల్లో ఒకసారి చూసుకోండి. తర్వాత ఓనర్ ఫోన్ తీసుకుని, సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు బాగా పెంచి, ఒక ప్యాకేజీ బుక్ చేయమని ఆయన్నే అడగండి. ఎక్కడ ఆగిపోతారో చూసి, అక్కడి నుంచి సరిచేయడం మొదలుపెట్టండి.